మూడోసారి చెప్పిన పేరు

నా సర్టిఫికెట్ ఆపేశారు. ఆపి ఊరుకోలేదు. నేను రాసిచ్చిన క్షేత్ర పరిశీలన "కల్పితం" అని కాగితం మీద అచ్చు వేయించి, కింద ముగ్గురు సంతకాలు చేసి, నా చేతికే ఇచ్చారు. డెబ్భై మూడేళ్ళ వయసులో చదువుకోవడానికి పోయి, అబద్ధాలకోరునని రాయించుకుని వచ్చాను.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివేవాళ్ళు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. దయ్యాల మాట ఎత్తితే కసురుకునే రకం నేను. బెంగళూరు పేటలో మా వీధిలోనే ఒక ఇంట్లో ఎవరో ఉరి వేసుకున్నారని ఏ కాపురమూ నిలవకపోతే, నేనే అందులో దిగి పదకొండేళ్ళు ఉన్నాను. ఎలుకలు తప్ప ఎవరూ నన్ను పలకరించలేదు. తాయెత్తులు అమ్మేవాళ్ళ మీద పత్రికలకు ఉత్తరాలు రాశాను. కొన్ని అచ్చయ్యాయి కూడా. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. మారకపోవడమే నాకు కష్టంగా ఉంది.

మాది నేతపని ఇల్లు. ఆరో తరగతిలో బడి మాన్పించి నన్ను కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్ట. తర్వాత చిక్కపేటలో ఒక ప్రెస్సులో అచ్చులు పేర్చే పనికి చేరాను. నా చదువంతా అక్కడే. పేర్చిన ప్రతి పేజీ చదివాను. కాని నోరు తెరిచి నేను "ఉండాది" అంటే, ప్రూఫులు దిద్దడానికి వచ్చే పెద్దమనుషులు నవ్వేవాళ్ళు. ఒకాయనైతే రోజూ నా మాటను అనుకరించి పక్కవాళ్ళకు వినిపించేవాడు. ఆయన పోయి పాతికేళ్ళయింది. నేను మాత్రం మరిచిపోలేదు.

అరవై నాలుగో ఏట, ఇంట్లో కూర్చుని చదివి బి.ఎ. పూర్తి చేశాను. కిందటేడు ఒక సంస్థ ప్రకటన చూశాను. భాషాశాస్త్రంలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్, ఏడాది చదువు, శని ఆదివారాల్లో తరగతులు, డిగ్రీ ఉన్నవాళ్ళెవరైనా చేరవచ్చు. చేరాను. తరగతిలో అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళు. నన్ను అంకుల్ అనేవాళ్ళు. మొదటిరోజు మా వసుధ మేడం ఒక మాట చెప్పింది. ఏ ఊరి మాటా తప్పు మాట కాదు, ప్రతి మాటకూ దాని నియమం ఉంటుంది, మన పని దిద్దడం కాదు, విని రాసుకోవడం అని. ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని నేను యాభై ఏళ్ళు ఎదురుచూశాను. ఆ చదువు నాకెందుకని అడిగినవాళ్ళకు ఇదే నా జవాబు.

చివర క్షేత్ర పరిశీలన ఉంటుంది. దానికే ఎక్కువ మార్కులు. ఒక మనిషిని ఎంచుకోవాలి. మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయాలి. రెండు వందల మాటల జాబితా ఇస్తారు. అమ్మ, నీళ్ళు, చెయ్యి, ఎండ, ఇలాంటివి. ఒక్కో మాటను ఆ మనిషి మూడేసిసార్లు చెప్పాలి. మొదటిసారి మనకోసం జాగ్రత్తగా చెప్తారు, మూడోసారికి ఆ జాగ్రత్త పోయి సొంత గొంతు వస్తుంది, అందుకే మూడు అని మేడం చెప్పింది. ఆ తర్వాత విన్నదంతా కాగితం మీద దించాలి.

రికార్డర్ సంస్థదే. ఆ ఏడాదే కొన్నారు. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. ప్రతి రికార్డు మీదా తేదీ, గంట దానంతటదే పడుతుంది. విద్యార్థులు మార్చడానికి వీల్లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నేను మగ్గం పనివాళ్ళ తెలుగు తీసుకున్నాను. మనిషి కావాలంటే నాకు ఒక్కరే గుర్తొచ్చారు. దొడ్డబళ్ళాపురంలో సుబ్బక్క. వాళ్ళ నాయన, మా నాయన కలిసి నేసేవాళ్ళు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. నాకు కండె చుట్టడం నేర్పింది ఆమే.

కాని ఆ ఇంటి వీధి తొక్కి ఇరవై రెండేళ్ళయింది. ఆమె కూతురు రత్న పెళ్ళికి సుబ్బక్క భర్త మా ఇంటికి వచ్చి, నేను లేనని పత్రిక తలుపు సందులో పెట్టి పోయాడు. మాలో పత్రిక అట్లా ఇవ్వరు. కుంకుమ పెట్టి, చేతికిచ్చి, పేరు పెట్టి రమ్మనాలి. మనిషి ఇంట్లో లేకపోతే మళ్ళీ రావాలి. నేను పెళ్ళికి పోలేదు. వాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు. ఆ ఇంటి పేరెత్తితే నేను కసురుకుంటానని మా బంధువులు నా ముందు వాళ్ళ కబుర్లు చెప్పడం మానేశారు.

మార్చి నెలలో ఒక మంగళవారం యలహంక మీదుగా బస్సులో పోయాను. దిగేసరికి ఒంటిగంట దాటింది. ఎండ. వీధి పొడుగునా పవర్‌లూములు మోగుతున్నాయి. సుబ్బక్క ఇంటి తలుపు తీసే ఉంది. లోపల మగ్గం గదిలో, గుంత మగ్గం అంచున, కాళ్ళు గుంతలోకి వేలాడేసి కూర్చుని ఉంది. ముదురాకుపచ్చ నూలు చీర. కళ్ళజోడుకు దారం కట్టుకుంది. నన్ను చూసి లేవలేదు.

"ఏరా నాగా, కోపం తీరిందా?" అంది.

నేను గోడవారన చాప మీద కూర్చున్నాను. చదువుకుంటున్నానని చెప్పాను.

"ఈ వయసులో ఏం చదువురా?"

"మాటల చదువక్కా."

"మాటలకు దుడ్డు కట్టి పోతాండావా? నా కాడికొచ్చి ఉంటే ఊరికే చెప్తును గదరా."

ఇద్దరమూ నవ్వుకున్నాం. పెళ్ళి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అంగీకార పత్రం చూపించి సంతకం అడిగితే, "రత్న పెడతాది లే, ఆ పిల్ల నంబరు రాసుకో," అని ఒక్క అంకె తడబడకుండా ఫోన్ నంబరు చెప్పింది. రత్న, అల్లుడు ఈ ఊళ్ళో చాలామందిలా గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయారేమోననుకున్నాను. నంబరు రాసుకున్నాను. సంతకం లేకుండానే పత్రం సమర్పించడం నా తప్పు. అది ఒప్పుకుంటాను. ఆ ఒక్కటే నా తప్పు.

మూడు మంగళవారాలు పోయాను. మూడుసార్లూ పట్టపగలే, రెండుకూ నాలుగుకూ మధ్య. ఇంకెవరూ ఇంట్లో లేరు. ఒక సంగతి మాత్రం నాకు గుచ్చుకుంది. మూడు రోజులూ నాకు గుక్కెడు మంచినీళ్ళు ఇవ్వలేదు. మా ఇళ్ళలో అప్పులవాడు వచ్చినా ముందు నీళ్ళిచ్చి తర్వాత మాట్లాడతారు. పాత పగ ఇట్లా తీర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను. మూడోరోజు లేస్తూ, రికార్డర్ ఆపకముందే, "పోయొస్తానక్కా, నీళ్ళు కూడా తాగకుండానే పోతాండా," అని ఎత్తిపొడిచాను. 

ఆ రోజే చుట్టరికాల మాటలు చెప్పించాను. అమ్మ మూడుసార్లు. నాయన మూడుసార్లు. ఆమెకు కొడుకులు లేరు, అయినా కొడుకు అన్న మాట మూడుసార్లు సరిగ్గానే చెప్పింది. తర్వాత "కూతురు" అంది. మళ్ళీ "కూతురు" అంది. మూడోసారి "రత్న" అంది.

ఆ పేరు వినగానే నాకు పాత పెళ్ళి గుర్తొచ్చింది. "అక్కా, మాట మాత్రమే చెప్పు. పేర్లు మనకొద్దు," అన్నాను. ఆమె తర్వాతి మాటకు పోయింది. ఇంట్లో కాగితం మీద దించేటప్పుడు ఆ చోట నేను, "మూడో ఉచ్చారణ లేదు, వక్త పొరపాటు," అని రాశాను. రెండు వందల మాటల్లో అట్లా రాసింది అక్కడొక్కచోటే.

ఇంకొకటి కూడా రాశాను. వినేటప్పుడు వెనక చేమగ్గం చప్పుడు వస్తోంది. తొక్కుడు పలక కిందికి పోవడం, నాడె పరుగెత్తడం, పలక వచ్చి కొట్టడం. చిన్నప్పటినుంచి విన్న చప్పుడు, పొరపడను. పక్కింట్లో ఎవరో నేస్తున్నారనుకుని, "పొరుగింటి మగ్గం శబ్దం," అని గమనికల్లో చేర్చాను. అంత మోతగా ఉన్న వీధిలో పవర్‌లూము చప్పుడు ఒక్కటీ ఎందుకు పడలేదో అప్పుడు నాకు తట్టలేదు.

సమర్పించిన మూడు వారాలకు సంస్థకు పిలిచారు. వసుధ మేడం, ఇంకో ఇద్దరు ఉన్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. సంతకం లేదు కాబట్టి పత్రంలోని నంబరుకు ఫోన్ చేశారట. రత్న ఎత్తిందట. అమ్మ చనిపోయి ఏడాదిన్నర కావొస్తోంది, మీరెవరు, ఎందుకిట్లా మాట్లాడతారు అని ఏడ్చిందట.

"గొంతు ఎవరిదో చెప్పండి సార్. వేరే ఎవరినైనా మాట్లాడించారా?" అని అడిగాడు.

సుబ్బక్కదే అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మీ వయసులో మరుపు సహజం, ఆరోగ్య కారణాలని రాసిస్తే గౌరవంగా విరమించుకోవచ్చు అన్నారు. అబద్ధాలకోరు అనడం కంటే మతి తప్పిందనడం మర్యాద అనుకున్నట్టున్నారు. నాకు మతి తప్పితే రికార్డర్‌కు కూడా తప్పిందా అని అడిగాను. మేడం తల దించుకుంది. ఆ సాయంత్రమే ఆ కాగితం నా చేతికొచ్చింది.

మరుసటి ఆదివారం దొడ్డబళ్ళాపురం పోయాను. సుబ్బక్క నిజంగా పోయిందని నేను నమ్మలేదు. తల్లీ కూతుళ్ళకు పడక, చచ్చిందని చెప్పి ఉంటుందని కూడా అనుకున్నాను. అంత పాడు ఆలోచన నాకు వచ్చిన మాట నిజం. దాచను.

ఆ ఇంటికి ఎదురుగా చిన్న అంగడి ఉంది. అంగడామె నన్ను చూసి పలకరించింది.

"ఏందప్పా, ఈసారి ఆదివారం వస్తిరి? రత్నమ్మ ఉండాది పోండి. మూడుసార్లూ బీగం ఏసిన ఇంటికొచ్చి, మెట్టు మీద కూర్చోని పోతిరి గదా."

నేను మెట్టు మీద కూర్చోలేదు, లోపల కూర్చున్నాను అన్నాను.

"లోపలెట్ల కూర్చుంటారప్పా, బీగం ఉంటే? ఎండలో కూర్చోని ఫోన్లో మాట్లాడతాండ్రి. నేనే ఒకసారి కేకేసి నీళ్ళు కావాల్నా అంటి. మీరు తలెత్తలేదు."

ఆమె అబద్ధం చెప్పాల్సిన పనేమీ లేదు. నన్ను ముందెన్నడూ ఎరగదు.

రత్నకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. నా పేరు చెప్పగానే గుమ్మంలో అట్లాగే నిలబడింది. తిడుతుందనుకున్నాను. "నాగరాజు మామా మీరు? పత్రిక చేతికియ్యలేదని పెండ్లికి రాని మామ?" అంది. అవునన్నాను. "రాండి," అంది.

మగ్గం గదిలోకి తీసుకుపోయింది. గుంత లేదు. మగ్గం లేదు. గది నిండా తెల్ల టైల్స్, ఒక మంచం, ఒక కుట్టు మిషను. అమ్మ పెద్దకర్మ అయిన నెలకే గుంత పూడ్పించారట. ఈ వీధిలో చేమగ్గం చప్పుడు విని పదిహేనేండ్లయింది అంది. మంగళవారాలు ఇద్దరమూ పనికి పోతాం, బీగంచెవి నా కొంగునే ఉంటాది అంది.

సంస్థకు ఇంకా తిరిగివ్వని రికార్డర్ బయటికి తీయడానికి నేను భయపడ్డాను. ఆమెను ఏడిపించడానికి వచ్చానని అనుకుంటుందేమోనని. అమ్మ గొంతు వినిపించమని ఆమే అడిగింది.

మొదటి మాట విన్నప్పుడే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు విన్నది. తర్వాత నాకు తెలియని సంగతి చెప్పింది.

"గొంతు అమ్మదే మామా. అయితే అమ్మ పోయేముందు మూడేండ్లు మాట్లాడలేదు. పక్షవాతమొచ్చి మాట పడిపోయె. నీళ్ళు పోసింది నేను, తినిపించింది నేను. నన్ను చూసి నోరు తెరుస్తుండె. ఏమో చెప్పల్లని చూస్తుండె. మాట వస్తుండలే. పోయేటప్పుడు కూడా నోరు తెరిచే ఉండె."

నేను ఆపేద్దామనుకున్నాను. ఎందుకంటే తర్వాత వచ్చేది మూడోరోజు రికార్డు. రత్న ఆపనివ్వలేదు.

కూతురు. కూతురు. రత్న.

ఆ వెంటనే నా గొంతు. "అక్కా, మాట మాత్రమే చెప్పు. పేర్లు మనకొద్దు."

నా బతుకులో నేనన్న మాటలకు నేను సిగ్గుపడిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. రత్న నావైపు చూడలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించమంది. మళ్ళీ. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

చివర నేను నీళ్ళ గురించి ఎత్తిపొడిచిన మాట వచ్చింది. అక్కడ వెనక మగ్గం చప్పుడు ఆగిపోతుంది. అంతకుముందు నేను ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను, అది ఆగడం గమనించలేదు. ఆ తర్వాత కొంతసేపు ఏ చప్పుడూ ఉండదు. రత్న లేచిపోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. తాగాను.

అంగీకార పత్రంలో సంతకం పెట్టింది. ఆ గొంతు మా అమ్మదేనని విడిగా ఒక ఉత్తరం కూడా రాసింది. రికార్డు తనకు ఒక కాపీ కావాలంది. నియమం ప్రకారం ఇవ్వకూడదు. ఇచ్చాను.

ఆ ఉత్తరం జతచేసి సంస్థకు రాశాను. సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు "కల్పితం" అన్న మాట తీసేయండి, నేను తిరిగిచ్చిన రికార్డర్ మీ దగ్గరే ఉంది, తేదీలు చూసుకోండి అని రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. నాలుగోసారి స్వయంగా పోయి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను.

ఈ లోగా నాకు నేనే కారణాలు వెతుక్కున్నాను. ఎండదెబ్బ అనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోతే ఆయన నన్ను వందనుంచి ఏడేసి తగ్గించి లెక్కపెట్టమన్నాడు, లెక్కపెట్టాను, మీకేమీ లేదు పొమ్మన్నాడు. సుబ్బక్క లాంటి గొంతు నాదే అయి ఉంటుందా అని ఫోన్లో నా గొంతు మార్చి రికార్డు చేసి చూశాను. రాలేదు. పాత రికార్డు ఏదైనా నా చేతికి చిక్కి ఉంటే, అందులో నా మాటకు ఆమె జవాబెట్లా చెప్తుంది? మెట్టు మీద కూర్చుని ఉంటే, చాప గుర్తులు నా పంచె మీద ఎందుకు పడ్డాయి? అవి మా కోడలు కూడా చూసింది. ఒక్కో కారణమూ ఒక్కోచోట తెగిపోతోంది. తెగిన చోట ముడి వేయడం మా పని, కాని ఇది నాకు ముడిపడలేదు. దయ్యం అని అనను. ఏమనాలో తెలియదని మాత్రం ఒప్పుకుంటున్నాను.

కిందటి సోమవారం సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఫోన్లో రత్నకు చదివి వినిపించాను.  మీకు చదువు కావాలంటే వాళ్ళు చెప్పినట్టు చేయండి మామా, నేను తప్పు పట్టను అంది. ఫోన్ పెట్టేసి, పావుగంటకు తనే మళ్ళీ చేసింది.

"వద్దు మామా. అట్ల రాస్తే అమ్మ మాట పడిపోకముందు ఎప్పుడో చెప్పినట్టయితాది. అప్పుడు దినానికి వందసార్లు పిలుస్తుండె నన్ను. ఇది అది కాదు గదా."

జవాబు నా బల్ల మీదే ఉంది. యథాతథంగా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, మీ ఉత్తరాలు అందాయి. వక్త కుమార్తె వాంగ్మూలాన్నీ, రికార్డరునూ పరిశీలించాం. గొంతు మీరు పేర్కొన్న వక్తదేనని అంగీకరిస్తూ, 'కల్పితం' అన్న వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నాం. అయితే రికార్డరులో నమోదైన తేదీలూ, వక్త మరణ ధ్రువీకరణ పత్రంలోని తేదీ కూడా ఒకే ఫైలులో ఉండటం సాధ్యం కాదు. కనుక వక్త జీవించి ఉన్న కాలంలోని ఏదైనా ఒక తేదీని రికార్డు తేదీగా రాసి, సంతకం చేసి పంపగలరు. అందిన వారంలోపు మీ సర్టిఫికెట్ పంపిస్తాం."